మీ మాటే కొలత

ఆ మనిషికి తల్లిదండ్రులు పెట్టిన పేరొకటి ఉండే ఉంటుంది. పని చేసే చోట ఆ పేరుతో పిలిస్తే అతనే పలికేవాడు కాదు. టవర్ క్రేన్ నడుపుతాడు, పొద్దున ఎక్కితే మధ్యాహ్నం తిండికి గాని నేల మీదికి దిగడు, అందుకని అందరూ అతన్ని పైలోకం అనేవారు. తల్లికి ఆ పిలుపు వింటే ఒళ్ళు మండేది. "నిక్షేపంలా బతికున్నవాణ్ణి పట్టుకుని పైలోకం ఏమిట్రా, నోరు కడుక్కో" అని ఫోన్ చేసినవాణ్ణి చేసినట్టే తిట్టి పెట్టేసేది. భార్య మాత్రం అలా కాదు. ఇంట్లో కుట్టుమిషను పెట్టుకుని వీధిలో సగం మందికి బట్టలు కుట్టే మనిషి, నోరు కత్తెరకన్నా పదును. "పైలోకం ఉన్నాడా అండీ" అని ఎవరైనా అడిగితే, "ప్రస్తుతానికి ఈ లోకంలోనే ఉన్నారు, పిలుస్తానుండండి" అనేది.

క్రేన్ నడపడమంటే కళ్ళారా చూసి నడపడం అనుకుంటారు తెలియనివాళ్ళు. సగం పని చూడకుండానే జరుగుతుంది. భవనం లేచే కొద్దీ కొక్కేనికి తగిలించిన బరువు గోడల అవతలికి వెళ్ళిపోతుంది. కేబిన్లో కూర్చున్నవాడికి తాడు కనబడుతుంది, దాని చివర వేలాడేది కనబడదు. అక్కడ నిలబడ్డ సిగ్నల్ మనిషి వాకీటాకీలో చెప్పే మాటే వాడికి కళ్ళు. పైలోకానికి ఆ కళ్ళు సొంత బావమరిదే, భార్యకు తమ్ముడు. "దించు బావా, ఇంకొంచెం, ఇంకొంచెం, ఆపు" అని అతను అంటే, ఇనుప చువ్వల కట్ట గుడ్డు మీద గుడ్డు పెట్టినట్టు వాలేది. ఇంట్లో ఇద్దరూ ప్రతిదానికీ వాదించుకునేవాళ్ళు. క్రేన్ దగ్గర మాత్రం అతను ఆపు అంటే ఇతను ఎందుకని అడిగిన పాపాన పోలేదు.

అలాంటి మనిషికి రావలసిన జబ్బా అది? పెద్దపేగు లోపలి పొర పుండ్లు పడుతుంది. రక్తం, జిగురు, మెలిపెట్టే నొప్పి, రోజుకు లెక్కలేనన్ని సార్లు పరుగు. ఏదో పడనిది తిన్నావని ఒకరు, వేడి చేసిందని ఒకరు, దిగులు పెట్టుకున్నావని ఒకరు. ఆఖరికి డాక్టర్లు తేల్చిందేమిటంటే, ఇంటికి కాపలా పెట్టుకున్న కుక్క ఇంటివాళ్ళనే కరుస్తోందని. ఒంటిని కాపాడాల్సిన బలగమే సొంత పేగు మీద పడిందట. ఎందుకు పడిందంటే అది మాత్రం వాళ్ళకీ తెలియదు.

నేల మీద ఉన్నవాడికైతే ఆ జబ్బు చెర. అంత ఎత్తున గాజు పెట్టెలో కూర్చున్నవాడికి? నిచ్చెనల మీద నిచ్చెనలు దిగి రావాలి. తిండి మానేశాడు, నీళ్ళు తగ్గించాడు, ఊళ్ళో ఏ సందులో ఏ మరుగుదొడ్డి ఉందో, దేనికి గడియ సరిగ్గా పడదో కంఠస్థం చేశాడు. ఎన్ని చేస్తే ఏం లాభం? ఒకరోజు కాంక్రీటు బకెట్ గాలిలో ఉండగా కడుపులో మెలి తిరిగింది. బకెట్ కింద మనుషులున్నారు. బావమరిది మాట పట్టుకుని ఆ బకెట్ దించేదాకా మీట వదల్లేదు. అది దిగింది. ఆ తర్వాత జరగకూడనిది అక్కడే, ఆ సీట్లోనే జరిగింది.

అతను దిగి వచ్చేసరికి నిచ్చెన మొదట్లో బావమరిది నిలబడి ఉన్నాడు. ఏమీ అడగలేదు. తన చొక్కా విప్పి బావ నడుముకు కట్టాడు, బనీనుతోనే పక్కన నడిచి స్నానాల గదిదాకా తీసుకెళ్ళాడు. ఆ సంగతి ఈనాటికీ మూడో చెవికి చేరలేదు. కానీ కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని దాచుకోవడానికి అది దాగే జబ్బు కాదు. మరునాడు పైలోకం తనంత తానే మేనేజర్ దగ్గరికి వెళ్ళి, ఇక పైకి ఎక్కనని చెప్పేశాడు. అతనికి స్టోర్లో బోల్టులు లెక్కపెట్టే పని ఇచ్చారు.

మందులు వాడారు. స్టెరాయిడ్లు వేసుకుంటే మొహం గుమ్మడికాయలా ఉబ్బింది, పుండ్లు మాత్రం పోలేదు. సర్జన్ ఒకాయన, పెద్దపేగు తీసేసి పొట్టకు సంచి పెడతామని, అలా బతుకుతున్నవాళ్ళు బోలెడంతమంది ఉన్నారని నచ్చజెప్పాడు. నిజమే, ఉన్నారు, హాయిగా ఉన్నారు. కానీ క్రేన్ ఎక్కేవాడికి నడుం బెల్టు బిగించేది సరిగ్గా అక్కడే. కనుక ఆ ఆపరేషన్ మాట విన్నప్పుడల్లా పైలోకానికి తన పేగు కన్నా ముందు ఆ కేబినే గుర్తొచ్చేది.

అప్పుడే పెద్దాసుపత్రిలో కొత్త మందు మీద పరిశోధన జరుగుతోందని తెలిసింది. బజారులో దొరకదు, పరిశోధనలో చేరినవాళ్ళకే ఇస్తారు. దాన్ని నడిపే డాక్టరమ్మ సన్నగా, పొడుగ్గా, నిమ్మళంగా మాట్లాడే మనిషి. అతన్ని కూర్చోబెట్టి కాగితాలన్నీ ఒక్కొక్కటే చదివి వినిపించింది. ఏం ఎక్కిస్తారో, ఏం జరగవచ్చో, ఎప్పుడు వద్దనుకుంటే అప్పుడు వెళ్ళిపోవచ్చని, రెండో భాగంలో ఏం చేస్తారో, అన్నీ చెప్పింది. "అర్థమైందా, ఏమైనా అడుగుతారా" అని ప్రతి పేజీ దగ్గరా ఆగింది. అర్థమైందని ప్రతి పేజీ దగ్గరా తలూపాడు మన పైలోకం. అతని ధ్యాసంతా గుమ్మం పక్కనున్న మరుగుదొడ్డి మీద. లోపల ఎవరో ఉన్నారు, ఎంతకీ బయటికి రావడం లేదు. ఆ క్షణంలో అతని ఆస్తి రాసిమ్మన్నా సంతకం పెట్టి ఉండేవాడు. చదివిన పేజీల్లో సగం అతని చెవికి ఎక్కనే లేదు.

కొన్ని వారాలకొకసారి వెళ్ళి వాలుకుర్చీలో కూర్చుంటే సెలైన్ ఎక్కించినట్టు మందు ఎక్కించేవారు. నీళ్ళలాగే ఉండేది. రంగు లేదు, వాసన లేదు. "ఇదేం చేస్తుందండీ, బావి నీళ్ళలా ఉంది" అని భార్య పెదవి విరిచింది. మొదటిసారికి ఏమీ తెలియలేదు. రెండోసారి తర్వాత ఒకనాడు పొద్దున అతను నిద్ర లేచి కాసేపు అలాగే పడుకున్నాడు. ఏదో తేడాగా ఉంది, ఏమిటో అర్థం కాలేదు. కాసేపటికి తెలిసింది. పరుగెత్తాల్సిన పని లేకుండా మెలకువ వచ్చింది. కిటికీలోంచి పడ్డ ఎండను చూస్తూ పడుకున్నాడు, ఎండ ఎప్పుడూ చూడనివాడిలా. భార్య వచ్చి, "ఏం, ఒంట్లో బాగాలేదా" అంది. "బాగుంది" అన్నాడు. ఆ మాట అతని నోట విని ఎన్నాళ్ళయిందో, ఆమె గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది.

మొదటి భాగం ముగిశాక కెమెరా గొట్టం వేసి పేగు చూశారు. మత్తు వద్దని, తానూ చూస్తానని పట్టుబట్టాడు. మొదట్లో చేరినప్పుడు కూడా ఇలాగే చూశాడు. అప్పుడు తెర మీద కనబడింది పచ్చి పుండు. గొట్టం ఎక్కడ తగిలితే అక్కడ రక్తం చిమ్మేది. ఇప్పుడు డాక్టరమ్మ గొట్టాన్ని మెల్లగా పోనిస్తుంటే తెర నిండా లేత గులాబి రంగు పరుచుకుంది. తడితడిగా మెరుస్తోంది. దాని మీద సన్నని రక్తనాళాల దారులు, ఆకు మీది ఈనెల్లా, ఎవరో తీరిగ్గా కూర్చుని గీసినట్టు. డాక్టరమ్మ చెయ్యి ఆగింది. నర్సు కూడా చేస్తున్న పని వదిలేసి తెర వంక చూసింది. 

"ఇది నాదేనా" అన్నాడు అతను.

"మీదే."

"ఇంకెవరిదైనా పెట్టారేమో చూడండి. ఆ పుండ్లున్న చోటు ఏది?"

"ఇదే. ఇప్పుడు మనం దాని మీదే ఉన్నాం."

 ఎంత ఎత్తు నుంచి ఎన్ని ఊళ్ళ చివరలు చూశాడు, మబ్బుల నీడలు ఇళ్ళ కప్పుల మీద పాకడం చూశాడు. తన పొట్టలోనే ఇంత చక్కని చోటు ఉందని ఎవరు చెప్పారు? "లోపలికి ఎవరొచ్చి బాగుచేశారండీ ఇదంతా" అని అడిగాడు.

"మీరే చేసుకున్నారు" అంది డాక్టరమ్మ. "మందు ఆ కాపలా కుక్కను కట్టేసింది, అంతే. మిగతాదంతా మీ ఒళ్ళే చేసుకుంది. ఇన్నేళ్ళుగా చూస్తున్నాను, నాకూ ప్రతిసారీ ఇలాగే ఉంటుంది."  పెద్ద డాక్టర్లు కూడా ఆశ్చర్యపోతారని పైలోకానికి అప్పుడే తెలిసింది.

ఆ సంతోషంలో భార్యాభర్తలిద్దరూ ఆమె గదిలో కూర్చుని ఉండగా, ఇక రెండో భాగం మొదలవుతుందని చెప్పింది డాక్టరమ్మ. రెండో భాగమేమిటి, అన్నట్టు చూశాడు పైలోకం. మొదటి రోజే చదివి వినిపించానే, అన్నట్టు చూసింది ఆమె. మళ్ళీ ఓపిగ్గా చెప్పుకొచ్చింది. మందు పనిచేసిన వాళ్ళందరినీ కంప్యూటర్ రెండు గుంపులు చేస్తుంది, చీట్లు తీసినట్టు. ఒక గుంపుకు ఇదే మందు. ఇంకో గుంపుకు ఉత్త సెలైన్. ఎక్కించే సంచికి గోధుమరంగు తొడుగు వేసి తెస్తారు. ఏది ఎవరికో రోగికీ తెలియదు, నర్సుకూ తెలియదు, తనకూ తెలియదు.

టైలరమ్మ ఊరుకుంటుందా? "ఇదెక్కడి న్యాయమండీ. నోటి దాకా వచ్చిన ముద్ద లాక్కోవడం కాదూ? నయం చేసింది మీరే, నయమైనవాణ్ణి మళ్ళీ గోతిలో తోసేదీ మీరేనా?"

డాక్టరమ్మ కోపం తెచ్చుకోలేదు. "కోపం వస్తుందమ్మా, రావాలి కూడా. కానీ ఒక్క మాట వినండి. ఇలా మానిన పేగు మందు ఆపేసినా అలాగే ఉంటుందా? ఉంటే, జనానికి బతికినన్నాళ్ళూ ఈ మందు ఎక్కించడం తప్పు. ఉండదంటే, ఆపమని ఎవరికైనా చెప్పడం తప్పు. రెండిట్లో ఏ తప్పు చేస్తున్నామో ఈ రోజు భూమ్మీద ఎవరికీ తెలియదు. కొందరికి ఆపి చూస్తే తప్ప తెలియదు."

"పోనీ ఎవరికి ఆపుతారో మీరైనా తెలుసుకోవచ్చుగా."

"తెలిస్తే నా కళ్ళు నాకే అబద్ధం చెబుతాయి. మందు తీసుకున్నవాళ్ళ పేగు నాకు అందంగా కనబడుతుంది. మనిషిని కదమ్మా."

పైలోకం అప్పుడు నోరు విప్పాడు. "ఇదివరకు ఎవరైనా ఇలా ఉత్త సంచి తీసుకున్నారా అండీ, వేరే మందులకి?"

"చాలామంది. మీ ఇంట్లో ఉన్న మాత్రల్లో చాలావాటి వెనక అలాంటివాళ్ళు ఉన్నారు. వాళ్ళ పేర్లు మాకు కూడా తెలియవు." ఆ తర్వాత ఆమె ఇంకో మాట కలిపింది. "జబ్బు తిరగబెడితే మాత్రం ఆలస్యం చేయం. ఆ వారమే అసలు మందు ఎక్కిస్తాం, తొడుగు లేకుండా. మీకు ఇష్టం లేకపోతే ఇప్పుడే వెళ్ళిపోవచ్చు. కానీ బయట ఈ మందు ఇంకా దొరకదు."

"తిరగబెట్టిందని ఎలా తెలుస్తుంది?" అని భార్య అడిగింది. ఆమె బుర్ర అప్పుడే పని మొదలుపెట్టింది.

"ముందు వారే చెప్పాలి. ఎన్నిసార్లు వెళ్ళారు, రక్తం పడిందా లేదా. మిగతా పరీక్షలన్నీ తర్వాత. మీ మాటే మాకు కొలత."

దారి పొడుగునా ఆమె మాట్లాడలేదంటే ఏదో కుడుతోందని అర్థం. ఇంటికి చేరి చెప్పులు విప్పుతూ బయటపెట్టింది. "ఇంకేం, దారి వాళ్ళే చూపించారు. మొదటి సంచి ఎక్కించుకోండి. ఓ పదిరోజులాగి రక్తం పడిందని చెప్పండి. ఉత్త సంచి అయితే ఏంటి, ఇంకేదైతే ఏంటి. అసలు మందు ఇచ్చేస్తారు. మీ మాటే కొలత అన్నారుగా."

"పరీక్ష చేస్తారుగా."

"చేస్తే? పుండ్లు పడ్డ పేగు, ఎక్కడో కాస్త ఎర్రగా కనబడకపోదు. ఎవరికి నష్టం చెప్పండి."

 అతను తల్లి గదిలోకి వెళ్ళాడు. ఆవిడ బీపీ మాత్రలు, తలనొప్పి మాత్రలు ఓ రేకు డబ్బాలో దాచుకుంటుంది. అది తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఒక్కో అట్టా తీసి చూశాడు. ఇన్నేళ్ళుగా అమ్మ ప్రాణాన్ని నిలబెట్టిన ఈ చిన్న తెల్ల బిళ్ళ కోసం ఎక్కడో ఎవరో ఉత్త బిళ్ళ మింగి, తల తిరిగిపోతుంటే డాక్టరుకు నిజం చెప్పి ఉంటారు. ఏ ఊరివాళ్ళో, ఏ భాషవాళ్ళో. వాళ్ళలో ఎవరైనా సుద్ద బిళ్ళ మింగి బాగున్నానని చెప్పి ఉంటే? లేక బాగుండి బాగాలేదని చెప్పి ఉంటే? డబ్బా నిండా మనుషులున్నట్టు అనిపించి అతనికి ఒళ్ళు గగుర్పొడిచింది. "మందుల డబ్బా ముందేసుకుని ఏం చూస్తున్నావురా, పిచ్చి గాని పట్టిందా" అంది తల్లి.

సాయంత్రం బావమరిది వచ్చాడు. అన్నం వడ్డిస్తూ అక్క తన పథకం చెప్పి, "నువ్వైనా చెప్పరా మీ బావకి" అంది. అతను బావ మొహం చూసి, తలవంచుకుని తిన్నాడు.

"వీణ్ణి అడిగావు, బాగుంది" అన్నాడు పైలోకం. "వీడు రోజూ నాకు చెప్పేదేంటి? నాకు బరువు కనబడదు. వీడు దించమంటే దించుతాను, ఆపమంటే ఆపుతాను. ఒక్కసారి వీడు తన అవసరానికి ఒక్క మాట మార్చి చెప్పాడనుకో, కింద ఎవడో నలిగిపోతాడు. నాకు తెలియను కూడా తెలియదు. ఇప్పుడు ఆ డాక్టరమ్మ కేబిన్లో కూర్చుంది. ఆవిడకి నా కడుపు కనబడదు. కింద నిలబడింది నేను."

"మీరూ మీ క్రేనూ" అంది ఆమె. కోపంతో గిన్నెలు ఎత్తేసింది. వంటగదిలోంచి ఏడుపు వినబడింది. బావమరిది అన్నం ముందు అలాగే కూర్చుండిపోయాడు.

గోధుమరంగు తొడుగు సంచి ఎక్కించుకున్నాడు. బాగానే ఉన్నాడు. మళ్ళీ ఎక్కించుకున్నాడు. ఇంకా బాగున్నాడు. కంపెనీ డాక్టరు అన్ని పరీక్షలూ చేసి పైకి ఎక్కవచ్చని సంతకం చేశాడు. ఆ పొద్దున అతను నిచ్చెన పట్టుకున్నప్పుడు కూలీలు, మేస్త్రీలు పని ఆపి చూశారు. పైకి చేరి గాజు తలుపు తీసేసరికి ఊరంతా కింద పరుచుకుని ఉంది. బళ్ళు చీమల్లా బారులు తీరాయి, ఎక్కడో ఒక మిద్దె మీద ఎవరో దుప్పటి ఆరేస్తున్నారు. సీట్లో కూర్చుని రెండు మీటల మీద చేతులు వేసుకున్నాడు. వాకీటాకీలో బావమరిది గొంతు, "ఉన్నావా బావా" అంది. "ఉన్నాన్రా" అన్నాడు. 

భవనం పై అంతస్తుల్లోకి వచ్చేసింది. మిగిలిన వాటిలోకెల్లా పెద్ద బరువు ఒకటుంది, కప్పు మీద నిలబెట్టే ఇనుప దూలం. ఒక్క కుదుపు తేడా వచ్చినా ప్రమాదం. దాన్ని పైలోకమే ఎత్తాలని మేనేజర్ చెప్పాడు. అంతకన్నా గౌరవం ఆ పనిలో లేదు. వారం ముందు నుంచీ ఇంట్లో అదే మాట. టైలరమ్మ కూడా మెత్తబడి, "మీకు అసలు సంచే వచ్చిందిలెండి, మొహం చూస్తేనే తెలుస్తోంది" అనడం మొదలుపెట్టింది.

దూలం లేపాల్సిన పొద్దున, నడుముకు బెల్టు బిగించాక, సైటులో ఉన్న మరుగుదొడ్డికి వెళ్ళాడు. చూశాడు. ఎర్రగా ఉంది.

గోడకు చేరబడి నిలబడ్డాడు. మొదట, రాత్రి బీట్‌రూట్ తిన్నానేమో అనుకున్నాడు. బీట్‌రూట్ తిని ఎన్నాళ్ళయిందో అతనికే తెలియదు. తర్వాత, మొలలేమో అనుకున్నాడు. కాస్త రక్తమేగా. ఒక్కరోజు ఆగుదాం. దూలం ఎత్తేసి రేపు చెబుదాం, ఒక్కరోజులో కొంపలు మునగవు. ఇవాళ చెబితే మళ్ళీ బోల్టుల లెక్కే, మళ్ళీ ఎక్కుతానో లేదో కూడా తెలియదు. భార్య చెప్పమన్నప్పుడు అబద్ధం ఎంత బరువుగా ఉండిందో, ఇప్పుడు దాన్ని తిరగేసిన అబద్ధం అంత తేలికైపోయింది. నోరు మూసుకుంటే చాలు. అడిగేవాళ్ళు కూడా ఎవరూ లేరు. అదే అతన్ని భయపెట్టింది. ఎక్కడో గదిలో కూర్చున్న ఒక మనిషి, ఎన్నో దేశాల్లో అలాంటి గదుల్లో కూర్చున్న మనుషులు, వాళ్ళకు కనబడని దాని కోసం తన ఒక్క నోటి వైపు చూస్తున్నారు. ఇంత పెద్ద పని ఇంత చిన్న దాని మీద నిలబడిందా అనిపించింది. 

బయటికి వచ్చి నిచ్చెన మొదట్లో దిమ్మె మీద కూర్చుని బెల్టు విప్పాడు. బావమరిది పరుగున వచ్చాడు. "ఎక్కవా బావా?"

"ఇవాళ ఎక్కను. ఫోన్ ఇటివ్వు, డాక్టరమ్మకి చెప్పాలి."

గొట్టం వేసి చూసినప్పుడు ఆ గులాబి రంగు నేల అక్కడక్కడా చెదిరి ఉంది. ఈనెలు చెరిగిపోయాయి. అతను తల తిప్పుకున్నాడు. పరీక్ష అయ్యాక డాక్టరమ్మ అతని మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. 

"మీరు నోరు మూసుకుని ఉంటే ఏమయ్యేదో తెలుసా" అంది. "మీరు బాగున్నట్టు మా లెక్కలోకి ఎక్కేది. మీది ఉత్త సంచే అయితే, మందు ఆపినా ఏమీ కాదని ఒక అబద్ధం అందులో చేరేది. దాన్ని నమ్మి రేపు ఎవరికో మందు ఆపేసేవాళ్ళం. మీరు కిందపడి మాకు చూపించారు."

"మళ్ళీ ఎక్కిస్తే మొదటిసారిలా పనిచేస్తుందా అండీ?"

"తెలియదు" అంది ఆమె. మెప్పించడానికైనా వేరే మాట అనలేదు. అందుకే ఆమె మీద అతనికి అంత నమ్మకం.

ఆ వారమే తొడుగు లేని సంచి తగిలించారు. ఈసారి భార్య పక్కనే కూర్చుంది. బావి నీళ్ళని ఎగతాళి చేసిన మనిషి, ఒక్కో బొట్టు గొట్టంలోకి జారుతుంటే రెప్ప వేయకుండా చూసింది. పుండు తొందరగా మానలేదు. నెలలు పట్టింది. దూలాన్ని వేరే ఊరి నుంచి వచ్చిన ఆపరేటర్ ఎత్తాడు. పైలోకం బోల్టుల గదిలోంచి బయటికి వచ్చి, మెడ వెనక్కి వంచి, అది కప్పు మీద వాలేదాకా చూశాడు. ఏడవలేదని అంటే అబద్ధం. తర్వాత ఎండలు మండి, వానలు పడి, అవీ వెనకబట్టాక పేగు మళ్ళీ మానింది. భవనం మాత్రం అప్పటికే పూర్తయిపోయింది. ఊరికి ఇంకో చివర వేరే క్రేన్ ఎక్కాడు.

పరిశోధన ముగిశాక, పాల్గొన్నవాళ్ళందరినీ ఆసుపత్రి హాల్లోకి పిలిచారు. ఇంతమందిమి ఉన్నామా అనుకున్నాడు అతను. ముసలివాళ్ళు, పెళ్ళికాని పిల్లలు, కోటు వేసుకున్న ఒకాయన, చంటిబిడ్డను ఎత్తుకున్న ఒకావిడ. అందరూ గుమ్మానికి దగ్గరున్న కుర్చీలే వెతుక్కుని కూర్చున్నారు. అది చూసి అందరికీ నవ్వొచ్చింది. ఎవరికే సంచి వచ్చిందో అడిగితే ఇప్పుడు చెబుతామన్నారు. పైలోకం అడిగాడు. "ఉత్త సంచే" అంది డాక్టరమ్మ. "నా కడుపు ఎప్పుడో చెప్పింది లెండి" అన్నాడు. టైలరమ్మ ఏమీ అనలేదు. ఆమె అలా ఊరుకోవడం అతను ఎరగడు.

డాక్టరమ్మ గోడ మీద తెరపై ఒక బొమ్మ వేసింది. రెండు గీతలు. రెండూ పైన ఒకే చోట మొదలయ్యాయి. ఒకటి దాదాపు సూటిగా సాగిపోయింది. రెండోది మెట్లు మెట్లుగా కిందికి దిగింది. "పైది మందు తీసుకున్నవాళ్ళది" అంది ఆమె. "కిందికి దిగేది ఉత్త సంచి తీసుకున్నవాళ్ళది. ఎవరికైనా జబ్బు తిరగబెట్టిన రోజున గీత ఒక మెట్టు దిగుతుంది. ఈ రెండు గీతల మధ్య ఇంత ఖాళీ ఉంది చూశారా. ఇకమీదట ఈ జబ్బుతో వచ్చేవాళ్ళకి చీట్లు తీయక్కరలేదు. మందు ఇస్తాం, ఆపం. ఈ ఖాళీ వల్లే."

 పైలోకం ఆ మెట్ల వంక చూస్తూ ఉండిపోయాడు. వాటిలో ఒకటి తను బెల్టు విప్పిన పొద్దు. మిగతావి ఎవరెవరి పొద్దులో. ఎవరు ఏ పెళ్ళి వదులుకున్నారో, ఏ పరీక్ష, ఏ ప్రయాణం. ఎంత వెతికినా ఒక్క మెట్టుకూ మొహం కనబడలేదు, అయినా గీత మాత్రం అలా వెలుగుతూనే ఉంది.

"మా ఆయన మెట్టు ఏదండీ?" అని టైలరమ్మ గొంతు వినబడింది. ఆమె లేచి నిలబడి ఉంది.

"నాకూ తెలియదమ్మా. దీంట్లో పేర్లుండవు. ప్రతి మెట్టూ ఒక మనిషి, అంతవరకే తెలుసు."

ఆమె కుర్చీల మధ్యనుంచి నడిచి తెర దగ్గరికి వెళ్ళింది. బొమ్మ వెలుతురు ఆమె చీర మీద పడింది, మొహం మీద పడింది. ఏళ్ళ తరబడి సూది గుచ్చుకుని మొద్దుబారిన వేలు చాచి, ఒక మెట్టు దాకా తీసుకెళ్ళింది. అక్కడ ఆగిపోయింది. వేలు గాలిలోనే ఉంది.

పైలోకం వెనకే వచ్చి, "ఏమైంది?" అన్నాడు.

"ఎవరిదోనండీ" అంది ఆమె, చెయ్యి వెనక్కి తీసుకుంటూ. "ముట్టుకుంటే నొప్పి పుడుతుందేమో."